చౌక మదర్‌బోర్డును ఎన్నుకొనుట

బిడ్డలకుఁ గంప్యూటరు కూర్పింపఁబూనిన తలిదండ్రులు, ఏ కంపెనీ మదర్‌బోర్డు నమ్మదగినదని నన్నడుగుచుందురు. అసూస్, గిగాబైట్, ఎమ్మెస్సై, ఆస్‌రాక్ అను నాలుగును తైవాను దేశమునకుఁ జెందినవే. ఆస్‌రాక్ 2002లో అసూస్ నుండియే పుట్టినది. ఈ పేరులలో నేను పెద్ద భేద మెంచను. ఒకే కంపెనీ మేలుబోర్డును, నాసిబోర్డును గూడ అమ్ముచుండును.

కావున బోర్డునే పరికింపవలెను. ప్రాసెసరునకుఁ దగినట్లు విద్యుత్తును మార్చి యిచ్చు భాగము దాని ప్రక్కనే యుండును. చౌకబోర్డులలోఁ దఱచుగా పొదుపు చేయఁబడునది యిదియే. దానిపై వేడి నణఁచు లోహపు దిమ్మ లేనిచో, బలమైన ప్రాసెసరు పెట్టినపుడు కాఁగిపోయి పని మందగించును. 2000 తరువాతి కొన్ని యేండ్లలో, నాసి ద్రవము నింపిన కెపాసిటర్లు ఉబ్బి పగులుటచేఁ బేరుగల కంపెనీల బోర్డులు సైతము చెడినవి. నేఁడు చౌకబోర్డులలోను ఘన కెపాసిటర్లు దొరకును.

రంగుదీపములకు రూపాయ లేల? రోజుకూలి కూడఁబెట్టిన తండ్రి రెండవ బోర్డు కొనఁజాలఁడు గదా! కంపెనీ ప్రకటించిన పట్టికలో మీ ప్రాసెసరు ఉన్నదో లేదో ముందే చూచుకొనుఁడు. పాత బయాసు గల బోర్డు క్రొత్త ప్రాసెసరును గుర్తింపకపోవచ్చును. వారంటీ మూఁడేండ్లుండిన మేలు. బోర్డు సీరియల్ సంఖ్యను బిల్లుపై వ్రాయని దుకాణమున నేనైతే కొనను.