వెనక వచ్చేవాడు

తెలుగు పాఠాలు చెప్పుకునే మనిషికి మోటారు సైకిలు మీద మోజేమిటని స్టాఫ్ రూములో మిత్రులు వేళాకోళం చేస్తూంటారు. ప్రబంధాలలో అశ్వవర్ణన చెబుతూంటే నాకు ముందుగా బుల్లెట్టే కనబడుతుందంటే, ఆ నవ్వు మరి కాస్త పెద్దదవుతుంది.

నాది పాతకాలపు బుల్లెట్టు. గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద వుంటాయి. దాన్ని లేపటమే ఒక తంతు. తాళం తిప్పి, అమ్మీటరు ముల్లు నడిమికి వచ్చేదాకా కిక్కు మెల్లగా నొక్కాలి. డీకంప్రెసరు మీట పట్టి మరికాస్త దించి, మీట వదిలి, అప్పుడు నిండుగా ఒక్క తొక్కు! తొందరపడితే కిక్కు ఎదురు తంతుంది. లెక్చరరని మొహమాటపడదు.

ఇక ఊరు దాటాక ఆ సుఖం వేరు. చెరువు గట్టు రాగానే మోకాళ్లకు చలి తగులుతుంది. మలుపులో చూపు ఎటుంటే బండి అటే పోతుంది. గోతిని చూస్తూ కూర్చుంటే గోతిలోకే పోతాం.

పందేల సంగతికి వస్తే, మద్రాసు నుంచి నెల్లూరు వచ్చే దారిలో షోళవరం వుంది. రెండో ప్రపంచయుద్ధం నాటి రన్‌వే మీద అక్కడ ఏళ్ల తరబడి పందేలు జరిగేవి. 1990లో ఇరుంగాట్టుకోట్టై దగ్గర ప్రత్యేకమైన బాట వచ్చింది. ఇంగ్లండుకీ ఐర్లండుకీ నడుమనున్న ఐల్ ఆఫ్ మాన్ ద్వీపంలో పందేలు 1907లోనే మొదలైనాయి. అక్కడి చుట్టు సుమారు 60 కిలోమీటర్లు. మామూలు రోడ్డే, పందెం వేళకు జనాన్ని ఆపి మూసేస్తారు. రౌతులు పది సెకండ్ల ఎడంతో ఒక్కొక్కరే బయల్దేరుతారు. పోటీ గడియారంతో. అయినా ఆ దారి 250 మందికి పైగా రౌతులను మింగింది. అక్కడ పదిసార్లు గెలిచిన ఇటలీ వీరుడు అగోస్టీని, మిత్రుడు పార్లోట్టి మరణించిన 1972వ సంవత్సరం తర్వాత మళ్లీ అక్కడ పోటీ చెయ్యలేదు.

నాకు నచ్చేది ఆ వేగం కన్న మరొకటి. పందెపు బండికి అడుగున నూనె బోల్టును సన్నని తీగతో కట్టి బిగిస్తారు. ఎందుకంటారా? బోల్టు ఊడి నూనె కారితే, దానిమీద జారి పడేది వెనక వచ్చేవాడు. గెలవటానికి బయల్దేరినవాడు ముందు వెనకవాడి ప్రాణానికి ముడి వేసి మరీ బయల్దేరాలి!

నిరుడు మా విద్యార్థి తల్లి ఒకామె ఇంటికి వచ్చింది. కొడుకు రాత్రిళ్లు బైపాసు మీద పందేలకు పోతున్నాడట. "మీరు చెబితే వింటాడు మాస్టారూ, ఆ బండి అమ్మించెయ్యండి" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. అమ్మమని నేననలేదు. కుర్రవాణ్ణి పిలిచి ఆ తీగ బొమ్మ చూపించాను.

"బైపాసు మీద నీ వెనక ఎవరొస్తారు?" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. "పాల వ్యాన్లు, సార్. కూరగాయల ఆటోలు" అన్నాడు.

ఇప్పుడు రాత్రిళ్లు ఇంట్లోనే వుంటున్నాడని తల్లి చెప్పింది. ట్యూషన్లు చెప్పి, చెన్నై బాట మీద శిక్షణకని డబ్బు కూడబెడుతున్నాడట. ఆమెకు అదీ భయమే. నిజం చెప్పొద్దూ, నాకూ కొంత భయమే. కాని మొన్న వాడు వచ్చి, ఆ తీగ ముడి ఎలా వెయ్యాలో నేర్పమన్నాడు.