పండ్రెండవ అధ్యాయము

నగరము చుట్టును ఒకప్పుడుండిన ప్రాకారమునకు గల ద్వారములలో నేడు పురానాపూల్ దర్వాజాయు దబీర్‌పురా దర్వాజాయు మాత్రమే నిలిచియున్నవి. మేము నివసించు లాల్‌దర్వాజాకు పేరు మిగిలినది గాని ద్వారము మిగులలేదు. వస్తువు పోయినను దాని పేరు నిలుచుట యెట్టిదో ఈ పేటవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. ఇందుకు విపరీతమైన సంగతి, అనగా వస్తువు ఉండియు దాని గుర్తు తప్పుటచే అది లేనట్లే యగుట, మా యింటనే జరిగినది. దానిని ఈ పత్రిక చదువు బాలబాలికలకును వారి తలిదండ్రులకును చెప్పదలచితిమి. వారిలో పెక్కురు నేడు కంప్యూటరుపై వ్యాసములును ప్రాజెక్టు పుస్తకములును వ్రాయుచున్నవారే గదా.

మా అమ్మకు ఎనుబదినాలుగు సంవత్సరములు. కన్నులు మసకబాఱినవి గాని జ్ఞాపకము చెడలేదు. పెండ్లియై ఈ యింట అడుగుపెట్టిన నాటినుండి తాను చూచినవి, అత్తగారివలన విన్నవి, వీధి తగవులు, బావికడ ముచ్చట్లు, లాడ్‌బజారు గాజుల బేరములు ఆమె చెప్పుచుండగా మేము ప్రతి సాయంకాలమును లిబ్రే ఆఫీస్ రైటరనెడు వర్డ్ ప్రాసెసరులో వ్రాసికొంటిమి. ఏడాదికి ఇరువది అధ్యాయములైనవి. ఆషాఢమాసమున గోలకొండలో మొదలైన బోనాలు సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి గుడి దాటి, మా పేట సింహవాహినీ మహంకాళి గుడికి వచ్చు ఆదివారమున ఆడపడుచులందఱు పుట్టింటికి వత్తురు. ఆనాడు ఆ పుస్తకమును వారి చేతిలో పెట్టవలెనని అమ్మ కోరిక.

అందు పదునొకండవ అధ్యాయము మా అక్కను గూర్చినది. మేము పుట్టక మునుపే, తన యేడవయేట, జ్వరముతో పోయినది. ఆమె ఫోటో యొక్కటైనను లేదు. తక్కిన అధ్యాయములను ఒక్కొక సాయంకాలమున చెప్పిన అమ్మ దీనికి మూడు సాయంకాలములు పట్టినది. బంధువులలో ఒక పెద్ద, శుభదినమున పంచు పుస్తకములో మరణవార్త యేల అని ఆక్షేపించెను. అమ్మ వారికి సమాధానము చెప్పక మా వంక చూచినది. ఆ అధ్యాయమును తీసివేయబోమని మేము మాట యిచ్చితిమి.

పుస్తకము ముగిసినదని తలచుచుండగా మా మేనత్త వచ్చి, వరద సంగతి యేదని యడిగినది. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరమును ముంచిన కథ ఈ దేశమున నెఱుగనివారు లేరు. విశ్వేశ్వరయ్యగారి సలహాపై ఉస్మాన్‌సాగరు 1920లోను హిమాయత్‌సాగరు 1927లోను కట్టబడుటకు ఆ వరదయే కారణము. ఆ దినములలో మా యింటివారు పడిన పాట్లను మేనత్త తన తల్లివలన విన్నది. రెండు గంటలు చెప్పినది. కాలక్రమమునుబట్టి అది మూడవ అధ్యాయము కావలెను. కనుక రెండవదానికిని మూడవదానికిని నడుమ దానిని చేర్చితిమి.

అంతవఱకు అధ్యాయముల అంకెలన్నియు మేము చేతితో వేసినవే. ఇప్పుడు మూడు నాలుగు కావలెను, నాలుగు అయిదు కావలెను, అట్లు చివరివఱకు దిద్దుకొని పోవలెను. ఎనిమిదిని తొమ్మిదిగా దిద్దిన తరువాత కరెంటు పోయినది. మఱునాడు తొమ్మిది అను అంకెను చూచి, అంతవఱకు దిద్దితిమని తలచి, దాని తరువాతి దానినుండి మొదలుపెట్టితిమి. ఫలితముగా పుస్తకమున తొమ్మిదవ అధ్యాయములు రెండు, పదియవ అధ్యాయము సున్న. అంతకంటె పెద్ద తప్పు మఱియొకటి. విషయసూచికను ముందే చేతితో వ్రాసియుంచితిమి. దానిని ముట్టుటయే మఱచితిమి. అయిదవ అధ్యాయమున ‘ఈ బిడ్డ సంగతి పదునొకండవ అధ్యాయమున చెప్పెదము’ అని వ్రాసిన వాక్యమును అట్లే యుండిపోయినది. అక్క కథ పండ్రెండవదై కూర్చున్నది. ఇరువదియైదు ప్రతులు అచ్చు తీయించి, కుట్టించి, ఒకదానిని అమ్మ ఒడిలో పెట్టితిమి.

అమ్మ చదువలేదు గావున మా తొమ్మిదేండ్ల కుమారుని పిలిచి, పదునొకండవది చదువుమనినది. వాడు తీసినాడు. అచ్చట బావి పూడిక తీసిన సంగతి యున్నది. విషయసూచిక చూచి ఆ పుట తీసినాడు. వరద అధ్యాయము ఏడు పుటలు పట్టుటచే అచ్చటను వేఱొక కథ నడుమ భాగమే కనబడినది. ‘బాపమ్మా, అత్త సంగతి ఇండ్ల లేదు’ అని వాడు పుస్తకము మూసి ఆటకు పోయినాడు.

మేమప్పుడు ఇంట లేము. ఆ రాత్రి అమ్మ అన్నము తినలేదు. ఏమి యని యడిగిన పలుకలేదు. మఱునాటి ఉదయమున మాత్రము, గోడవైపు తిరిగి, ‘ఎవ్వరి మాట విని తీసేసినవు కొడుకా?’ అనినది. మేము పుస్తకము తెచ్చి, పండ్రెండవ అధ్యాయము తీసి, మొదటినుండి తుదివఱకు చదివి వినిపించితిమి. విన్నది. కాని ఒక రాత్రియంత తన కొడుకు మాట తప్పినాడని యామె నమ్మియుండుట మేము ఏమి చదివినను పోవునది కాదు.

మా మేనకోడలు ఇంటర్మీడియట్ చదువుచున్నది. అమ్మమ్మను చూడవచ్చి, మేము తల పట్టుకొని కూర్చుండుట చూచి, సంగతి తెలిసికొని, కంప్యూటరు తెఱచి రెండు నిమిషములు చూచినది. ‘మామా, నీ పుస్తకంల ఒక్క అధ్యాయం గూడ లేదు’ అనినది. మాకు కోపము వచ్చినది. ఇరువదియొక అధ్యాయములు ఎదుట కనబడుచుండగా లేవనుటేమి? ఆమె ఎఫ్5 మీట నొక్కినది. ప్రక్కన నావిగేటరను చిన్న కిటికీ తెఱచుకొన్నది. పుస్తకములోని అధ్యాయముల పేర్లన్నియు అందు హెడింగ్స్ అను చోట వరుసగా కనబడవలెనట. మా పుస్తకమునకు అచ్చట ఏమియు లేదు.

కారణమిది. ప్రతి అధ్యాయపు పేరును మేము మామూలు పంక్తిగా వ్రాసి, అక్షరములను పెంచి, లావుచేసి, నడుమకు జరిపితిమి. మనుష్యుని కన్నునకు అది అధ్యాయపు పేరు. యంత్రమునకో, అది పెద్ద అక్షరములలోనున్న మఱియొక వాక్యము. ఇది అధ్యాయము సుమా అని దానికి చెప్పు విధమొకటి కలదు. దానిని స్టైలందురు. అధ్యాయపు పేరుపై ‘హెడింగ్ 1’ అను స్టైలును, అందలి ఉపశీర్షికపై ‘హెడింగ్ 2’ను, దాని లోపలిదానిపై ‘హెడింగ్ 3’ను వేయవలెను. ఇది క్రొత్త వింతయు గాదు. మైక్రోసాఫ్ట్ వర్డ్ 1983లో మొదట వెలువడిన కూర్పుననే స్టైలు షీట్లుండెను. ఇన్ని సంవత్సరములు కంప్యూటరు వాడియు మేమే వానివంక చూడలేదు.

స్టైలు వేసిన పిమ్మట టూల్స్ పట్టికలో హెడింగ్ నంబరింగ్ అను చోటికి పోయి (పాత కూర్పులలో దీని పేరు చాప్టర్ నంబరింగ్), మొదటి అంతరమునకు 1, 2, 3 అను అంకెలు కావలెనని యొక్కసారి చెప్పిన చాలును. వర్డులో నైనచో మల్టీలెవెల్ లిస్టులో ఒక్కొక అంతరమును ఒక్కొక హెడింగుతో ముడివేయవలెను. మా మేనకోడలు ఆ పని చేయగనే అధ్యాయములన్నియు తమంత తామే అంకెలు ధరించినవి. సంతోషించి క్రిందికి పోయి చూడగా ‘10. 9. గాజుల అంగడి’ అని యున్నది. యంత్రము వేసినది పది, మేము వేసి మఱచినది తొమ్మిది. మా చేతి అంకెలన్నిటిని తుడిచివేయుటకు ఒక పూట పట్టినది. ముందుమాటయు హెడింగ్ 1 గావుటచే అది మొదటి అధ్యాయమై కూర్చున్నది. దానికి అంకె లేని వేఱొక స్టైలు చేసితిమి. మఱియొక చిక్కు తెలుగువారికే ప్రత్యేకము. స్టైలులో అక్షరరూపమును ఎన్నిమార్లు మార్చినను శీర్షిక మాఱదాయెను. ఇంగ్లీషు అక్షరములకు ఒక ఫాంటును, తెలుగు మొదలగు లిపులకు కాంప్లెక్స్ టెక్స్ట్ అను పేర వేఱొక ఫాంటును అచ్చట వేర్వేఱుగ నియమింపవలెను. మేము మార్చుచుండినది మొదటిదానిని. మా పుస్తకమున ఇంగ్లీషు అక్షరమొక్కటియు లేదు!

విషయసూచికను కూడ యంత్రమే హెడింగులను ఏఱి తెచ్చి, పుటల సంఖ్యలతో కూర్చును. అయితే శీర్షికల అంకెలు మాఱినంత వెంటనే సూచిక మాఱదు. దానిని అప్‌డేట్ చేయుమని చెప్పవలెను. అచ్చునకు పంపునపుడు ఈ మాట మఱచినవాడు మావలెనే పశ్చాత్తాపపడును. ఇక ‘పదునొకండవ అధ్యాయమున చెప్పెదము’ అను వాక్యము మాట. అంకెను మాటలలో వ్రాసిన యంత్రమునకు తెలియదు. క్రాస్ రిఫరెన్సు అను సాధనముతో అంకెను మాత్రము యంత్రమును వేయనిచ్చి, దాని ప్రక్క ‘వ అధ్యాయమున’ అని మేము వ్రాసితిమి. మన భాషలో ఏ అంకె ప్రక్కనైనను ‘వ’ యొక్కటే చెల్లుట ఇచ్చట గొప్ప యుపకారమైనది.

ఈ పనులు చేయుచుండగా మాకు భారతము జ్ఞప్తికి వచ్చినది. నన్నయభట్టు పదునొకండవ శతాబ్దమున ఆదిపర్వమును సభాపర్వమును ముగించి, అరణ్యపర్వము నడుమ నిలిపెను. పదుమూడవ శతాబ్దమున తిక్కన సోమయాజి ఆ మూడవదానిని ముట్టక నాలుగవదియగు విరాటపర్వముతో మొదలిడి పదునెనిమిదవదానివఱకు పదునైదు పర్వములు వ్రాసెను. పదునాలుగవ శతాబ్దమున ఎఱ్ఱన వచ్చి అరణ్యపర్వశేషమును పూరించెను. నడుమ ఇంత ఖాళీ యున్నను తిక్కన మొదలుపెట్టినది నాలుగవదే గాని మొదటిది గాలేదు. ఏలయన ఆ అంకె తాటాకుపై పెట్టిన అలంకారము గాదు, గ్రంథమున ఆ పర్వమునకు గల స్థానము. మన కావ్యములలో ఆశ్వాసము చివరనుండు గద్యముకూడ కవి పేరుతోను కావ్యము పేరుతోను అది యెన్నవ ఆశ్వాసమో తెలుపును. ఆకులు చెదరినను ఏది యెచ్చటిదో తెలియును. హెడింగ్ 1 చేయునదియు ఇంతే యని మా మేనకోడలితో అంటిమి. ఆమె నవ్వి, పరీక్షలో వ్రాయవచ్చునా యని యడిగినది.

యంత్రము అంకెలను క్షణములో జరుపగలదనుట సంతోషమే గాని, జరుపదగినప్పుడు మాత్రమే జరుపవలెను. మా పాతబస్తీ యిండ్ల నంబర్లను చూడుడు. వార్డునకొక అంకె, అందలి భాగమునకొక అంకె, ఆ పిమ్మట ఇంటికి. అన్నదమ్ములు ఇల్లు పంచుకొన్నచో క్రొత్త గడపకు /1 అనియో /ఎ అనియో తగిలింతురు గాని, వీధి చివరివఱకు నంబర్లు జరుపరు. జరిపినచో ఉత్తరములును దస్తావేజులును ఏ యింటికి చెందునో తెలియకపోవును. బైబిలును నేటి అధ్యాయములుగా విభజించినవాడు పదుమూడవ శతాబ్దపు కాంటర్బరీ ఆర్చిబిషప్పు స్టీఫెన్ లాంగ్టన్ అందురు. ఆ అంకెలు ఒకసారి నిలిచిన పిమ్మట ఏ భాషలో చదివినను దాదాపుగా అవియే. ముగియని వ్రాతప్రతిలో అంకె కదలవచ్చును. పదిమంది నోట బడిన అంకె కదలరాదు.

దిద్దిన ప్రతులు బోనాలకు రెండు దినముల ముందు వచ్చినవి. పాతవానిని వెనుకకు తెప్పించితిమి. ఆ ఆదివారమున ఇంటినిండ ఆడపడుచులు. బోనములు గుడికి పోయి వచ్చిన తరువాత, అమ్మ మనుమని పిలిచి అందఱియెదుట చదువుమనినది. వాడు విషయసూచిక చూచి, పుట తీసి, తప్పు లేకుండ చదివినాడు. ఆక్షేపించిన పెద్దయు విన్నారు. నాటినుండి మా యింట ఎవరు వచ్చినను అమ్మ ‘పండ్రెండోది చదువు’ అనును. అక్క పేరు చెప్పుట ఆమెకు కష్టము. అంకె చెప్పుట సులభము.

మొన్న శ్రావణమాసమున అమ్మకు మఱియొక కథ జ్ఞప్తికి వచ్చినది. తమ పెండ్లినాటి యెడ్లబండి సంగతి. వరుసనుబట్టి అది అయిదవ అధ్యాయమునకు ముందు ఉండవలెను. మా మేనకోడలు అప్పటికే నావిగేటరు తెఱచి, ‘మామా, ఒక్క నిమిషం, అన్నీ అవే జరుగుతయి’ అనినది. జరుగును, నిజమే. పండ్రెండు పదుమూడగును. మేము అమ్మ మంచమువంక చూచి వద్దంటిమి. ఎడ్లబండి కథ పుస్తకము చివర, ఇరువదిరెండవ అధ్యాయముగా చేరినది.