చెరకుతోటల దీవిలో కోరంగివారు

నేను మారిషస్ వెళుతున్నానని తెలిసి మా భీమవరంలో పొరుగింటివారు, "రొయ్యల వ్యాపారం యేమైనా పెట్టారా మాస్టారూ?" అని అడిగారు. వారిని తప్పుపట్టడానికి లేదు. చుట్టూ చెరువులున్న ఊరు మాది. తెలుగు యెం. యే. చదివి కళాశాలలో పాఠాలు చెప్పుకునేవాడికి, మడగాస్కరుకు తూర్పున యెనిమిదివందల కిలోమీటర్ల దూరాన నడిసముద్రంలో వున్న దీవితో పనేమిటి?

పని వున్నది. ఆ దీవిలో తెలుగువాళ్ళకు పడ్డ పేరు "కోరంగీలు". కాకినాడ దగ్గర, గోదావరి సముద్రంలో కలిసేచోట వున్న మన కోరంగి రేవు పేరే అది!

1835లో మారిషస్‌లో బానిసత్వం రద్దయింది. చెరకుతోటల దొరలకు కూలీలు కావలసివచ్చారు. ఇక్కడ చూడబోతే 1832-33లో గుంటూరుసీమను కరవు పీల్చి పిప్పిచేసింది. 1839లో ఉప్పెన కోరంగిని ముంచింది. 1843లో "కోరింగా పాకెట్" అనే ఓడ తెలుగు కూలీలను యెక్కించుకుని సాగిపోయింది. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో గాని ముగియలేదు. మన డెల్టా కాలువల్లో నీళ్ళు పారేనాటికి వాళ్ళు సముద్రానికి ఆవల చెరకుచేలల్లో రాళ్ళు యేరుతున్నారు.

రాళ్ళంటే మాటలు కావు. అగ్నిపర్వతాలు కక్కిన దీవి అది. పచ్చని చెరకుచేల నడుమ నల్లరాళ్ళ గుట్టలు యిప్పటికీ కనిపిస్తాయి. అవి దేవుడు పెట్టినవి కావు, బానిసలూ, ఆ తర్వాత కూలీలూ చేతులతో యేరి పోసినవి. కొండలు యెత్తయినవేమీ కావు. అన్నిటికన్నా పెద్దది 828 మీటర్లు. కాని చివరలు మొనదేరి, చూడ ముచ్చటగా వుంటాయి. దీవి చుట్టూ దాదాపుగా పగడపు దిబ్బ గోడకట్టినట్లుండటంవల్ల, పెద్ద అలలు అక్కడే విరిగి, లోపలి నీరు మన చెరువులాగా నిలకడగా, పాలపిట్ట రెక్క రంగులో వుంటుంది. ఎగరలేని డోడో పక్షి వుండినది యీ దీవిలోనే. 1598లో డచ్చివారు దిగారు. నూరేళ్ళు తిరగకుండా ఆ జాతి అంతరించింది.

పోర్టు లూయీ రేవులో కూలీలు దిగిన "ఆప్రవాసీ ఘాట్" చూశాను. 2006లో ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చారు. అక్కడి పదహారు రాతిమెట్లు యెక్కుతుంటే, చేతిలో మూటతప్ప మరేమీలేని మనుషులు కళ్ళముందు మెదిలారు.

ఇక వాళ్ళ పేర్లు! అప్పాడూ, లచ్మీనారాయ్‌డూ. "అప్పడు", "లక్ష్మీనారాయుడు" అని చెప్పినదాన్ని గుమాస్తా విన్నట్లు వ్రాసుకున్నాడు. మన వ్యాకరణంలోని ప్రథమావిభక్తి "డు" అట్లా యింటిపేరులో బిగుసుకుపోయింది. ఇప్పుడు ఆడపిల్లలు గూడా "డూ" గార్లే! నవ్వు వచ్చింది, ఆ వెంటనే కంట నీరూ తిరిగింది.

నేను వెళ్ళింది ఉగాదికి. అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవుదినం. కాని భూమధ్యరేఖకు దక్షిణాన వున్నందున ఋతువులు తారుమారు. మనకు మామిడి పిందెలు వచ్చే వేళకు వాళ్ళ మామిడిపళ్ళ కాలం దాటిపోయి వుంటుంది. ఆకాశం మారినా పంచాంగం మార్చుకోలేదు వాళ్ళు.

ఒక రాత్రి రామభజనకు పిలిచారు. దీపపుసెమ్మె చుట్టూ తిరుగుతూ తెల్లవారేదాకా పాడారు. ఇంట్లో వాళ్ళు మాట్లాడేది క్రియోల్ భాష. పాట మాత్రం తెలుగు. డెబ్బై దాటిన ఒక పెద్దాయన పాడుతూ మాటిమాటికీ "సిమ్మాద్రప్పన్న" అంటున్నాడు. నాలోని ఉపాధ్యాయుడు వూరుకోలేదు. పాట ముగియగానే, "సిమ్మాద్రి కాదండీ, సింహాద్రి అనాలి" అన్నాను.

ఆయన మనుమడు బడిలో తెలుగు నేర్చుకున్నవాడు. నా మాట తాతకు క్రియోలులో చెప్పి, ఆయన జవాబును పాఠ్యపుస్తకపు తెలుగులో నాకు అందించాడు: "అయ్యా, మా తాతగారికి యీ పాటను వారి నాయనమ్మగారు నేర్పినారు. ఆమె యిట్లే పాడెనట. ఆమె తప్పు పాడినదా అని అడుగుచున్నారు."

నా నోట మాట రాలేదు. విశాఖ జిల్లా పల్లెల్లో నేటికీ "సిమ్మాచలం" అనేవాళ్ళు యెందరు లేరు! ఆ అవ్వ సముద్రం దాటించి తెచ్చింది తన ఊరి నోటిమాట. అన్నేళ్ళూ చెక్కుచెదరని ఆ మాటను నేను వచ్చి దిద్దబోయాను.

"లేదు నాయనా, ఆమె తప్పు పాడలేదు. తప్పు నాది" అన్నాను. మనుమడు చెప్పగానే పెద్దాయన తలవూపి, నన్ను చెయ్యిపట్టుకు తీసుకువెళ్ళి దీపం దగ్గర నిలబెట్టి మళ్ళీ యెత్తుకున్నాడు. ఈసారి నేను గూడా "సిమ్మాద్రప్పన్న" అనే పాడాను.

భీమవరం తిరిగివచ్చిన వారంలో పరీక్ష కాగితాలు దిద్దుతున్నాను. విజయనగరం వైపు నుంచి వచ్చిన పిల్లవాడొకడు తన ఊరి జాతరను గురించి వ్రాస్తూ "సిమ్మాచలం" అని వ్రాశాడు. ఎర్రసిరా కలం అలవాటుకొద్దీ అక్కడ ఆగింది. కలం మూసి, తర్వాతి పుట తిప్పాను.