అసలు ప్రతి ఎవరి దగ్గరుంది?

5 ఏప్రిల్ 2025, శనివారం, వనపర్తి

ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టు కోసం ముగ్గురు పిల్లలు నా దగ్గరికొచ్చారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు డిపోల బస్సుల వేళలు ఫోన్‌లో చూపే చిన్న యాప్ చేస్తున్నారు. ఎంచుకున్న పని మంచిదే. గద్వాలకు రైలుంది, వనపర్తి రోడ్డు స్టేషనేమో మదనాపురంలో ఉంది, నాగర్‌కర్నూలుకు బస్సే దిక్కు. ఇన్నాళ్లూ వాట్సాప్‌లో జిప్ ఫైళ్లు పంపుకుంటూ నెట్టుకొచ్చారు. నిన్న ఒకరి జిప్ విప్పగానే ఇంకొకరి పని దాని కింద చెరిగిపోయింది.

రేపు శ్రీరామనవమి, ఎవరి ఊరికి వాళ్లు పోతున్నారు. పోయేలోపు, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో దాచి ఉంచే సాధనం గిట్ పెట్టించాను. గద్వాల అమ్మాయి మొదటి ప్రశ్నే బాగుంది: "అసలుది యాడుంటది సార్? సర్వర్‌లనా?"

సీవీఎస్, సబ్‌వర్షన్ లాంటి పాత సాధనాల రోజుల్లో అయితే అవుననేవాణ్ణి. చరిత్రంతా సర్వర్‌లో ఉండేది, మన చేతికి ఈనాటి రూపం మాత్రం వచ్చేది. పాత మార్పు చూడాలన్నా, కొత్తది దాఖలు చెయ్యాలన్నా సర్వర్‌ను అడగాల్సిందే. గిట్‌లో క్లోన్ చేస్తే, అంటే నకలు దించుకుంటే, ఫైళ్లతో పాటు మొదటి రోజు నుంచి ఉన్న చరిత్ర కూడా దిగుతుంది. ముగ్గురి ల్యాప్‌టాపుల్లో మూడూ పూర్తి ప్రతులే. గిట్‌హబ్ సైటులో పెట్టింది నాలుగోది. దాన్ని కలుసుకునే చోటుగా మనం ఒప్పుకున్నాం, అంతే.

ఆ అమ్మాయికి ఈ జవాబు తృప్తినివ్వలేదు. "మరి తేడా వస్తే ఎవరిది నిజం?" అంది. పండగ తర్వాత చూద్దామన్నాను.

7 ఏప్రిల్, సోమవారం

గిట్‌కు నేటితో ఇరవై ఏళ్లు. 2005 ఏప్రిల్ 7న లైనస్ టోర్వాల్డ్స్ గిట్ సొంత కోడ్‌ను గిట్‌లోనే దాఖలు చేశాడు. అప్పటిదాకా లినక్స్ కెర్నల్ పని ఒక ప్రైవేటు కంపెనీ సరుకైన బిట్‌కీపర్ మీద నడిచేది. ఉచితంగా వాడుకోనిచ్చినన్నాళ్లు ఇచ్చి, గొడవలు రాగానే ఆ వెసులుబాటు తీసేశారు. లైనస్ కొద్ది రోజుల్లోనే తన సొంత సాధనం నిలబెట్టాడు. సరిగ్గా ఆ నెలలోనే ఒలివియా మాకల్ ఇదే అవసరానికి మెర్క్యూరియల్ మొదలుపెట్టింది. జులై నుంచి గిట్ బాధ్యత జూనియో హమానో చేతికి వెళ్లింది. ఇప్పటికీ ఆయనే చూస్తున్నాడు.

పిల్లలకు చెప్పడానికి కమిట్ లోపలి సరుకు ఒకచోట రాసుకున్నాను. ఆ క్షణాన ప్రాజెక్టు మొత్తం ఎలా ఉందో ఆ రూపం, దానికి ముందున్న కమిట్ గుర్తు, రాసిందెవరు, ఎప్పుడు, ఎందుకు మార్చామో ఒక వాక్యం. వీటన్నిటి నుంచి లెక్కగట్టిన నలభై అంకెల, అక్షరాల గుర్తే ఆ కమిట్ పేరు. పాత కమిట్‌లో ఒక్క అక్షరం మార్చినా దాని గుర్తు మారుతుంది. దాని మీద నిలబడ్డ ప్రతి కమిట్ గుర్తూ మారుతుంది. కాబట్టి చరిత్రను దొంగచాటుగా దిద్దడం కుదరదు, మిగతావాళ్ల ప్రతులు పట్టిచ్చేస్తాయి.

యాడ్, కమిట్ రెండెందుకని పిల్లలు తప్పకుండా అడుగుతారు. పొద్దున్నుంచి చేసిన పది మార్పుల్లో ఒక పనికి సంబంధించినవి ఏరి పక్కన పెట్టడం యాడ్. ఏరినదాన్ని ఒక మాటతో చరిత్రకెక్కించడం కమిట్. బస్సు వేళ దిద్దడమూ, బటన్ రంగు మార్చడమూ ఒకే కమిట్‌లో కుక్కితే, రేపు రంగు వద్దనుకున్నప్పుడు వేళ కూడా వెనక్కి పోతుంది.

9 ఏప్రిల్, బుధవారం

నాగర్‌కర్నూలు అబ్బాయి సొంతూరు అచ్చంపేట అవతల. అక్కడ సిగ్నల్ ఎక్కదు. పండగ రోజుల్లో పని ఆగిపోయి ఉంటుందనుకున్నాను. నల్లమల అంచు ఊళ్ల పేర్లన్నీ చేర్చి, కమిట్ మీద కమిట్ చేసుకుని వచ్చాడు. కమిట్‌కు నెట్ అక్కర్లేదు, పాత చరిత్ర తిరగెయ్యడానికీ అక్కర్లేదు. పుష్ (పంపడం), పుల్ (తెచ్చుకోవడం) అన్నప్పుడే ఇంకొకరితో పని.

ఇవాళ కాలేజీలో నెట్ లేదు. వాడు తన రిపోను, అంటే చరిత్రతో సహా ఉన్న ప్రాజెక్టును, పెన్‌డ్రైవ్‌లోకి క్లోన్ చేశాడు. గద్వాల అమ్మాయి ఆ పెన్‌డ్రైవ్ ఫోల్డర్‌నే రిమోట్‌గా చూపించి పుల్ చేసుకుంది. గిట్‌హబ్ ఊసే రాలేదు. "అంటే నా సిస్టం గూడ సర్వరేనా సార్?" అన్నాడు వాడు. వాడికి విషయం ఎక్కిందని అప్పుడు తెలిసింది.

ఒక చిక్కు మాత్రం వచ్చింది. వాడు ఫైళ్లకు తెలుగులో పేర్లు పెట్టాడు. స్టేటస్ అడిగితే పేర్ల బదులు వెనక్కి వాలిన గీతలు, అంకెలు కనబడ్డాయి. ఫైలు పాడైందని హడలిపోయారు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు వర్ణానికీ మూడేసి బైట్లు. 'గ' అంటే, ఎనిమిది ఆధారంగా రాసే అంకెల్లో, 340, 260, 227. ఇంగ్లిషు వర్ణమాలకు బయటి బైట్లను గిట్ మామూలుగా ఇలా అంకెల్లోకి మార్చి చూపిస్తుంది. కోర్ క్వోట్‌పాత్ అనే సెట్టింగును ఆపితే పేర్లు తెలుగులోనే కనిపిస్తాయి. ఫైలు ఎక్కడికీ పోలేదు.

11 ఏప్రిల్, శుక్రవారం

'ఎవరిది నిజం' అని అమ్మాయి అడిగిన ప్రశ్న తనంతట తానే ఎదురొచ్చింది. వనపర్తి నుంచి గద్వాల వెళ్లే ఒక బస్సు వరుసలో ఆమె వేళను పావుగంట ముందుకు జరిపింది. అదే వరుసలో నాగర్‌కర్నూలు అబ్బాయి 'పెబ్బేరు, బీచుపల్లి, ఎర్రవల్లి చౌరస్తా మీదుగా' అని చేర్చాడు. రెంటినీ కలపబోతే, అంటే మెర్జ్ చెయ్యబోతే, కాన్‌ఫ్లిక్ట్. ఫైలు మధ్యలో బాణాల గుర్తులు, వాటి నడుమ రెండు రూపాలూ. అబ్బాయి తనది ఉంచి ఆమెది చెరిపేయబోయాడు. ఆమె చెయ్యి పట్టి ఆపింది.

ఇలా రెండు రూపాలు ఎదురుపడటం కొత్త కాదని తాళపత్రాల సంగతి చెప్పాను. ఒక కావ్యానికి పది ఊళ్లలో పది ప్రతులుంటాయి. ప్రతిదీ పూర్తిదే, ఏ రెండూ ఒకటి కావు. బ్రౌను దొర వేమన పద్యాల ప్రతులు తెప్పించి, పాఠాలు పోల్చి, 1829లో అచ్చు వేయించాడు. ఏ రాయసగాడు ఏ ప్రతి చూసి రాశాడో ఆకుల్లో సాధారణంగా ఉండదు, పరిష్కర్త ఊహించాలి. గిట్‌లో ఆ ఊహ అక్కర్లేదు. ప్రతి కమిట్ తన ముందుదాన్ని చెబుతుంది కనుక, ఇద్దరూ ఎక్కడ విడిపోయారో గిట్ వెనక్కి నడిచి పట్టుకుంటుంది. ఆ ఉమ్మడి రూపంతో రెంటినీ పోల్చి, ఒక్కరే మార్చిన చోట ఆ మార్పును తీసుకుంటుంది. ఇద్దరూ ఒకేచోట మారిస్తే మనల్ని అడుగుతుంది.

ఇక్కడ ఇద్దరిదీ నిజమే. వేళ ఆమెది, దారి అబ్బాయిది; కలిపి ఒక వరుస రాశారు. ఆ మెర్జ్ కమిట్‌కు ముందువి రెండు. ఎవరి మాటా చరిత్రలోంచి పోలేదు.

12 ఏప్రిల్, శనివారం

కాన్‌ఫ్లిక్ట్ వస్తే భయం లేదు, రాకపోతేనే చూసుకోవాలి. అమ్మాయి పాత వరుసలన్నిటిలో 'గద్వాల్'ను 'గద్వాల'గా మార్చింది. అదే రోజు అబ్బాయి కొత్త వరుసలు చేర్చాడు, అన్నిటా 'గద్వాల్' అని. వేర్వేరు వరుసలు కనుక మెర్జ్ నున్నగా జరిగిపోయింది. యాప్ ఇప్పుడు గద్వాలకు రెండు బస్టాండ్లు చూపిస్తోంది. గిట్ వరుసలను పోలుస్తుంది, వాటి అర్థం దానికి పట్టదు. ఊరి పేర్లన్నీ ఒక జాబితాలో పెట్టి, మెర్జ్ తర్వాత వాటిని సరిచూసే చిన్న పరీక్ష రాయమన్నాను.

16 ఏప్రిల్, బుధవారం

మూడో అబ్బాయి, ఇక్కడివాడే, ఎసెమ్మెస్ పంపే సేవ పాస్‌వర్డును కోడ్‌లోనే రాసి పుష్ చేశాడు. చూసుకుని, ఆ వరుస తీసేసి ఇంకో కమిట్ పెట్టి, "తీసేసిన సార్" అన్నాడు. తీసింది ఈనాటి రూపంలోంచే. నిన్నటి కమిట్‌లో అది భద్రంగా ఉంది. పుల్ చేసుకున్న ప్రతివారి దగ్గరా ఉంది. నెట్ లేనప్పుడు పనికొచ్చిన గుణమే ఇక్కడ ఎదురు తిరిగింది. చరిత్రను తిరగరాసే సాధనాలున్నాయి గానీ, ఇంకొకరి ల్యాప్‌టాప్‌లోని ప్రతి మీద మన చెయ్యి నడవదు. ముందు పాస్‌వర్డు మార్పించాను. తర్వాత, రహస్యాలుండే ఫైలును గిట్ పట్టించుకోకుండా ఇగ్నోర్ జాబితాలో వేయించాను. ఈ క్రమం తప్పకూడదు.

19 ఏప్రిల్, శనివారం

యాప్ శీర్షికలకు 'సురవరం' ఫాంట్ పెట్టారు. సిలికానాంధ్ర విడుదల చేసిన తెలుగు ఫాంట్లలో ఇదొకటి; గూగుల్ ఫాంట్స్ రిపోలో ఉంది, ఎవరైనా క్లోన్ చేసుకోవచ్చు. ఎవరి పేరని అడిగితే ముగ్గురూ తెల్లముఖం వేశారు. సురవరం ప్రతాపరెడ్డి 1896లో గద్వాల సంస్థానంలో పుట్టారని, 1952లో ఈ వనపర్తి నుంచే శాసనసభకు గెలిచారని చెప్పాను. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చిన మనిషి.

ఆ ఫాంట్‌ను మనం స్వేచ్ఛగా వాడగలుగుతున్నది రిపో బయటికి కనబడుతున్నందువల్ల కాదు, దానికి ఓపెన్ ఫాంట్ లైసెన్స్ ఉన్నందువల్ల. వాడుకోవచ్చు, దిద్దుకోవచ్చు, పంచవచ్చు; దిద్దిన ఫాంటును అదే లైసెన్స్ కింద ఉంచాలి. మన యాప్‌కు ఇంకా ఏ లైసెన్సూ లేదు. అందరికీ కనిపించినా, చట్టం ప్రకారం వేరెవరూ దాన్ని తీసుకుని పంచడానికి లేదు. ఎవరైనా కొల్లాపూర్ డిపో వేళలు చేర్చి నడుపుకుందామంటే ముందు ఆ అనుమతి ఉండాలి.

పరీక్షలయ్యాక ముగ్గురూ తలా ఒక దారి. అమ్మాయి మళ్లీ అడిగింది: "అప్పుడు అసలుది ఎవరిది సార్?" ముగ్గురి ప్రతులూ సమానమే, ఎవరు వేళలు దిద్దుతూ పోతే జనం వాళ్లదే వాడతారు అన్నాను. ఎవరు దేని మీద నిలబడి ఏం మార్చారో గిట్ గుర్తుపెట్టుకుంటుంది. ఎవరి మాట చెల్లాలన్నది మనుషులు కూర్చుని తేల్చుకోవాల్సిందే. ఇకనుంచి అందరూ వాడే మెయిన్ బ్రాంచ్‌లోకి ఏదీ ఇంకొకరు చదవకుండా ఎక్కకూడదని ముగ్గురూ ఒప్పుకున్నారు.

లైసెన్స్ ఫైలు సోమవారం చేర్చాలి. అందులో ముగ్గురి పేర్లూ ఉండాలి. ఎవరి పేరు ముందన్న దాని మీద సాయంత్రం దాకా వాదించుకున్నారు, ఇంకా తేలలేదు.