కారు చెప్పు ఎండ

వేసవి ముదిరినకొలది మా గుంటూరు, పల్నాడు, ప్రకాశము జిల్లాలలో ఒక క్రొత్త వాడుక బయలుదేరుచున్నది. మిట్టమధ్యాహ్నమున ఎవరో యొకరు తమ కారులో వెలుగుచున్న అంకెను ఫొటో తీసి బంధుమిత్రుల కెల్ల పంపుదురు. "చిలకలూరిపేట దగ్గర 50 డిగ్రీలు!" సాయంకాలమునకు వాతావరణ శాఖవారి లెక్క వచ్చును, అందులో ఆ ప్రాంతమునకు 43 మాత్రమే యుండును. సర్కారువారు నిజము దాచుచున్నారని కొందరును, కారు చెడినదని కొందరును తీర్పు చెప్పుదురు. ఈ రెండు మాటలును తొందరపాటువే యని మా యభిప్రాయము.

కారు ముందరి బంపరు వెనుక, రేడియేటరునకు ఎదుట, చింతగింజ కంటె పెద్దది కాని యొక గింజ తీగెల కొనను వ్రేలాడుచుండును. దానిని సెన్సారు అందురు. లోహపు తీగె వేడెక్కినచో విద్యుత్తున కడ్డు హెచ్చును. ఇందుకు విరుద్ధముగా సిల్వర్ సల్ఫైడు వేడెక్కినకొలది విద్యుత్తును ధారాళముగా పోనిచ్చునని 1833లో మైకేల్ ఫారడే కనిపెట్టెను. కారులోని గింజదియు ఇట్టి స్వభావమే. వేడి హెచ్చిన అడ్డు తగ్గును. చల్లబడిన అడ్డు పెరుగును. ఆ అడ్డును కొలిచి బండిలోని కంప్యూటరు డిగ్రీలుగా మార్చి చూపును. గింజకు తెలిసినది తనను తాకిన గాలి యొక్కటే. అది ఊరి గాలియో, ఇంజను సెగయో, తారురోడ్డు ఆవిరియో దానికి తెలియదు.

బండి పరుగిడుచున్నంతసేపు ఎదురుగాలి తగులుచుండుటచే అంకె నిజమునకు దగ్గరగా నుండును. గేటు పడి రైలుకొరకు పావుగంట నిలిచినచో ఇంజను వేడి ముందునకు ప్రాకి గింజను కాల్చును. ఈ చిక్కు నెరిగియే తయారుచేయువారు చాల బండ్లలో ఒక కట్టడి పెట్టిరి: వేడి తగ్గినచో అంకె వెంటనే దిగును, పెరిగినచో, బండి కొంత వేగముతో కొంతసేపు నడచిన పిదపగాని ఎక్కదు. కనుక నిలిచియున్న కారు చూపు అంకెతో వాదమునకు దిగుట వృథా.

ఇక వాతావరణ శాఖ. 1875లో ఏర్పడిన ఆ శాఖవారు కొలుచునది ఎండ కాదు, నీడలోని గాలి. నేలకు సుమారు నాలుగడుగుల ఎత్తున, తెల్లరంగు పూసి, గాలి యాడునట్లు రెండు వరుసల పలకలు ఏటవాలుగా కూర్చిన పెట్టెలో ఉష్ణమాపకము నుంచుదురు. ఆ పెట్టెను రూపొందించినవాడు థామస్ స్టీవెన్సన్ అను స్కాట్లండు ఇంజనీరు. కథలు వ్రాసిన రాబర్ట్ లూయీ స్టీవెన్సన్‌కు తండ్రి. అన్ని ఊళ్లలోను ఒకేతీరుగా కొలిచిననేగాని రెంటచింతలను ఒంగోలుతోను, ఈ ఏటిని నిరుటితోను పోల్చుటకు వీలుండదు. మే నెల మధ్యాహ్నమున తారురోడ్డు పైభాగము 60 డిగ్రీలు దాటుట వింత కాదు. ఆ రోడ్డుపై మోకాలెత్తున ముక్కు పెట్టుకొని పోవు కారు 48 అనినచో, అది తానున్న చోటి సంగతి చెప్పినదే కాని అబద్ధమాడలేదు.

అయితే నిజముగా చెడిన సెన్సారులును కలవు. దానిని తేల్చుకొనుటకు గ్యారేజి అక్కరలేదు. రాత్రి యెల్ల నీడపట్టున నిలిపిన బండిని తెల్లవారుజామున, ఇంజను నడువకమునుపే చూచి, ప్రక్కనే ఇంటి ఉష్ణమాపకమును పెట్టి పోల్చవలెను. ఒకటి రెండు డిగ్రీల తేడా లెక్కలోనికి రాదు. అంతకు మించినచో ఏదో లోపము కలదు. బంపరు బాగుచేసినవారు గింజను దాని కొక్కెములో తగిలింపక వదలినచో అది వేడి కండెన్సరుపై వ్రాలి ఎల్లప్పుడు హెచ్చు చూపును. ప్రత్తి తోలుకముల కాలములో గాలిలోని నూగు, వానకాలములో నల్లరేగడి బురద దానిపై పేరుకొన్నను గాలి సరిగా తగులదు. కనెక్టరులో చిలుమెక్కినచో అడ్డు హెచ్చి, ఉన్నదానికంటె చల్లగా చూపును. తీగె పూర్తిగా తెగినచో అడ్డునకు మేర యుండదు. అపుడు కంప్యూటరు తన లెక్కలోని అట్టడుగు అంకెను చూపును. అది చాల బండ్లలో సున్నకు క్రింద 40. సెంటీగ్రేడును ఫారన్‌హీటును ఏకీభవించు అంకె లోకములో అదియొక్కటే!

ఈ కడపటి లోపము నవ్వులాట కాదని మాకు ఒక మే నెలలో తెలిసివచ్చినది. డెబ్బది దాటిన మా పినతల్లిగారిని వైద్యమునకై నరసరావుపేటనుండి గుంటూరునకు తీసికొని పోవుచుంటిమి. ఫిరంగిపురము సమీపించుసరికి చల్లనిగాలి ఆగి, సెగ వీచసాగినది. అంకె చూతుము గదా, సున్నకు క్రింద 40!

"ఏమంటున్నదిరా నాయనా ఆ అద్దం?" అని ఆమె యడిగెను.

"మంచు కురుస్తోందంటున్నది పిన్నీ."

"అయితే దుప్పటి తియ్యి" అని ఆమె నవ్వెనుగాని, పెదవులు అప్పటికే ఎండిపోయియుండెను. వేపచెట్టు క్రింద బండి నాపి, తలుపులు బార్లతీసి, తడిగుడ్డ కప్పి, ఉప్పు వేసిన మజ్జిగ త్రాగించి, ఎండ తగ్గువరకు అచ్చటనే యుంటిమి. గుంటూరులో ఒక గ్యారేజివారు చూచి, "కంప్రెసరు పోయిందండీ, మార్చాల్సిందే" అని వేలల్లో లెక్క చెప్పిరి. వారి యొద్ద పనిచేయు కుర్రవాడు మాత్రము ఆ అంకెను తేరిపార చూచి, బంపరు క్రిందికి దూరి, ఎలుక కొరికిన రెండు తీగెలను పైకి లాగి చూపెను. బయట గడ్డకట్టు చలి యున్నప్పుడు కంప్రెసరును నడువనీయకుండుట అనేక బండ్ల ఏర్పాటు. మా బండి ధ్రువప్రాంతమున నున్నట్లు తలచి దానిని ఆపివేసినది. తీగెలు అతికించి, చుట్టు టేపు చుట్టగానే కంప్రెసరు గురగురలాడుచు లేచినది. ఆ కుర్రవానికి యజమాని ఇచ్చిన బహుమానము కోపపుచూపు.

కారులోనివారి కష్టము ఇంతటితో తీరును. రోడ్డు ప్రక్క కళ్లములలో మిరపకాయలు ఎండబోసి తాలుకాయలు ఏరు ఆడవారి మాట వేరు. 2003లోను, 2015లోను ఆంధ్రదేశమున వడగాడ్పులకు వేయిమందికి పైగా మరణించిరి. ఎండలో పనిచేయువారును, వృద్ధులును అందు ముఖ్యముగా బలియైరి. మైదానములలో 45 డిగ్రీలు చేరినచో వడగాడ్పనియు, 47 చేరినచో తీవ్రమైన వడగాడ్పనియు శాఖవారు ప్రకటింతురు. ఆ 45 నీడలోని 45. కళ్లములో కూర్చున్న మనిషికి నెత్తిన ఎండయు, క్రింద కాగిన నేలయు దానిపై అదనము. సముద్రము దాపుననున్న ఊళ్లలో ఉక్కచే చెమట ఆరక 40 డిగ్రీలే ప్రాణము తోడివేయును. "ఈ రోజు 42 యేగా" యని కూలీలను మధ్యాహ్నమువరకు కూర్చుండబెట్టు యజమాని శాఖవారి అంకెను సాక్ష్యముగా తెచ్చుట మాకు కారు ఫొటోలకంటె ఎక్కువ రోత. ఆ ఫొటో పంపువాడు కనీసము ఎండకు భయపడుచున్నాడు.

మా పొరుగు రైతు ఒకరు ఈ ఏడు తమ కళ్లములో అంకె నడుగుట మానివేసిరి. కాయలు ఏరుటకు వచ్చువారిలో పెద్దామెతో, "అమ్మా, చెప్పులు లేకుండా నేలమీద కాలు పెట్టలేనప్పుడు నువ్వే లేచిపో, మిగతావాళ్లను లేపు" అని చెప్పిరి. ఆమె మార్చి చివర పదకొండింటికి లేచెడిది. ఏప్రిలు మధ్యకు తొమ్మిదిన్నరకే లేచినది. కూలి ఏమియు తగ్గలేదు.