అమ్మానాన్నలు చూసొచ్చిన గెడ్డలు

పోస్టు కొంచెం పెద్దదే. ఓపిక చేసుకుని చివరి దాకా చదవండి, ముఖ్యంగా రోడ్డు పక్కన భూమి ఉన్నవాళ్లు.

నేను విశాఖలో హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా ఇంట్లో కాలేజీ మెట్టు ఎక్కింది నేనే మొదలు. మాది హుకుంపేట మండలంలో ఒక చిన్న ఊరు. కాలేజీలో ఊరి పేరు చెప్తే చాలు, "మీది అరకు సైడా? ఎంత అదృష్టం, రోజూ జలపాతాలు చూస్తారు" అంటారు. మా ఇంట్లో జలపాతం అనే మాటే లేదు. గెడ్డ అంటాం. గెడ్డ నుంచి నీళ్లు తెచ్చుకుంటాం, గెడ్డలో బట్టలు ఉతుక్కుంటాం, వానాకాలం అది పొంగితే ఇవతలే ఆగిపోతాం. దాన్ని చూడ్డానికి ప్రత్యేకంగా బయల్దేరడం మా అమ్మకి వింత. ఆమెకి 42 ఏళ్లు, బొర్రా గుహలు చూడలేదు. నాన్న గుమ్మం దాకా వెళ్లాడు. అప్పట్లో రోడ్డు పనికి వెళ్లి కంకర మోసి, బయటి నుంచే తిరిగొచ్చేశాడు.

డిసెంబరులో పరీక్షలయ్యాక ఇద్దర్నీ తిప్పాలని పట్టుబట్టాను. దానికి ఇంకో కారణం ఉంది. మాకు రోడ్డుని ఆనుకుని 80 సెంట్ల మెట్ట ఉంది. అక్కడి నుంచి తెల్లారి మబ్బు బాగా కనబడుతుంది. కింద నుంచి ఒకాయన కారులో వచ్చి, అందులో టెంట్లు వేసుకుంటాం, లీజుకివ్వండి, ముందే డబ్బులిస్తాం అన్నాడు. నాన్నకి అప్పుంది, చెల్లి పై చదువుంది. ఇచ్చేద్దామన్నట్టే ఉన్నాడు. నేను ఫోన్లో ఎంత చెప్పినా "నువ్వు పుస్తకంలో చదివావు పాపా, అప్పు పుస్తకంలో లేదు కదా" అన్నాడు. టూరిస్టులు వచ్చిన చోట మనవాళ్లు ఎలా ఉన్నారో ఒకసారి కళ్లతో చూస్తే మంచిదనిపించింది. అనంతగిరి వైపు ఇచ్చిన మా చిన్నమ్మని అమ్మ చూసి కూడా చాన్నాళ్లయింది. అలా బయల్దేరాం.

కాఫీ డబ్బులతో కొన్న సెకండ్ హ్యాండ్ బండి మీద నాన్నా అమ్మా. వెనక పెదనాన్న కొడుకు అన్నయ్య బండి మీద నేను. అమ్మ పెళ్లినాటి చీర కట్టింది, పైన నాన్న స్వెట్టర్ వేసింది. ఒక సీసాలో చోడి అంబలి, మూటలో ఉడకబెట్టిన చిలగడ దుంపలు. హోటల్లో తిందామంటే వినలేదు.

హుకుంపేట దాటాక కొన్ని చోట్ల వలిసె పూలు ఇంకా ఉన్నాయి. చేలో కార్లు ఆపి ఫొటోలు దిగుతున్నారు. చేను గలామె గట్టు మీద కూర్చుని మనిషికింత అని తీసుకుంటోంది. అమ్మ బండి ఆపించి మరీ అడిగింది, తొక్కేస్తే గింజ పోదా అని. "గింజ కంటే ఫొటోకే ఎక్కువొస్తంది వదినా" అందామె. అమ్మ చాలా దూరం ఆ మాటే తలుచుకుని నవ్వింది.

డుంబ్రిగూడ మండలంలో చాపరాయి దగ్గర ఆగాం. వెడల్పాటి బండ మీద నీళ్లు పల్చగా జారతాయి, పిల్లలు వాటితో పాటు జారతారు. అమ్మ ముందు కాళ్లు కడుక్కుని నీళ్లకి దండం పెట్టింది. తర్వాత బండంతా చూసి, "ఎంత మంచి బండ, చోళ్లు ఆరబెట్టుకోవచ్చు" అంది. నాన్న ప్యాంటు మడిచి నీళ్లలో దిగి, ఒక చోట కాలు జారి కూలబడ్డాడు. అమ్మ అంత గట్టిగా నవ్వడం నేను చూసి చాలా ఏళ్లయింది. నాన్న కూడా లేవకుండా అక్కడే కూర్చుని, "ఇందాకా వచ్చాను కదా, ఉండనీ" అన్నాడు.

అక్కడే సిటీ నుంచి వచ్చిన ఒక కొత్త జంట ఉంది. ఆ అమ్మాయి మన థింసా చీర అద్దెకి తీసుకుని కట్టుకుంది, భుజం మీద ముడి సరిగ్గా పడలేదు. నాకు లోపల కొంచెం మండింది. మన నానమ్మలు అదే కట్టుతో కాలేజీకి వస్తే అందరూ ఎలా చూస్తారో నాకు తెలుసు. అమ్మ మాత్రం దగ్గరికెళ్లి, "అలా కాదమ్మా, జారిపోద్ది" అని మొత్తం విప్పి మళ్లీ కట్టింది. ఆ అమ్మాయి "ఆంటీ, మీరెక్కడ నేర్చుకున్నారు?" అని అడిగింది. "మా అమ్మ దగ్గర" అంది అమ్మ. ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగి, "సారీ ఆంటీ, ఇది మీదే కదా" అంది. తర్వాత ఇద్దరూ కలిసి ఫొటో దిగారు. నా ఫోన్లో ఉన్న అమ్మ ఫొటోల్లో అదే బాగుంది.

అరకు దాటాక ఘాట్. సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియం తీగలు, కింద కాఫీ. టూరిస్టులు గాలికొండ దగ్గర లోయని చూస్తుంటే నాన్న పక్కనున్న కాఫీ కాయల్ని చూస్తున్నాడు. "మనకంటే ముందే పండింది" అన్నాడు. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని చెప్పాను. ఆ పేరు మీద వేరే చోటి కాఫీ అమ్మకూడదని వివరించాను. కాసేపు ఆలోచించి, "అయితే పేరు కూడా భూమి లాంటిదే అన్నమాట" అన్నాడు.

బొర్రాలో అమ్మ లోపలికి అడుగుపెట్టగానే గొంతు తగ్గించేసింది, గుడిలో లాగ. అక్కడి పాత కథ ఆమెకి తెలుసు: మేస్తున్న ఆవు పైనున్న కన్నంలోంచి లోపల పడిపోతే, వెతుక్కుంటూ దిగిన కాపరికి లింగం లాంటి రాయి కనిపించిందట. గోస్తనీ నది పేరు కూడా ఆవుదే. నేను నాన్నకి ఇంకో కథ చెప్పాను. ఈ బొర్రా చుట్టుపక్కల ఊళ్ల భూముల్లో గనుల లీజులు బయటివాళ్లకి ఇస్తే, సమత అనే సంస్థ కోర్టుకెళ్లింది. 1997లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం కూడా తన భూమిని గిరిజనేతరులకి లీజుకివ్వకూడదని చెప్పింది. దేశమంతా చదువుకునే సమతా తీర్పు మన అనంతగిరి మండలం ఊళ్ల నుంచి వెళ్లింది. నాన్న పైకప్పు వైపు చూస్తూ, "గవర్నమెంటుకే కుదరనిది నాకెలా కుదురుతుంది" అన్నాడు. నేనింకేమీ అనలేదు.

కటికి జలపాతానికి జీపులో వెళ్లాం. రాళ్ల దారి, తర్వాత నడక. జీపులు నడిపేది అక్కడి మనవాళ్లే. వరస పెట్టుకున్నారు, ఎవరి వంతు వస్తే వాళ్ల బండి కదలాలి. దారిలో బొంగు చికెన్ కాల్చేవాళ్లు కూడా ఊరివాళ్లే. పైకెక్కాక తుంపర ముఖాన పడుతుంటే అమ్మా నాన్నా పక్కపక్కన ఒకే రాయి మీద కూర్చున్నారు, దుంపలు తిన్నారు. పెళ్లయ్యాక ఇద్దరూ పని లేకుండా ఒక చోట కూర్చోవడం ఇదే మొదటిసారని అమ్మ తర్వాత చెప్పింది. నేను కొంచెం దూరంగానే ఉన్నాను.

ఆ రాత్రి చిన్నమ్మ ఇంట్లో పడుకున్నాం. తెల్లారి చిన్నాన్న మమ్మల్ని ఒక చోటికి తీసుకెళ్లాడు. రంగు టెంట్లు, దీపాల తోరణాలు, గేటు. గేటు తీసినాయన మాకు వరసకి మామయ్య. ఆ భూమి ఆయనదే. పదకొండు నెలలని చెప్పి స్టాంపు కాగితం మీద సంతకం పెట్టించుకున్నారట. ఒకసారి డబ్బులిచ్చారు. నెలలు దాటినా గేటు వాళ్లదే. ఇప్పుడాయన తన భూమిలోనే కాపలా, పొద్దున్నే కాఫీ కప్పులు కూడా కడుగుతాడు.

నాన్న ఒక్కటే అడిగాడు, "కాగితం నీ దగ్గరుందా?"

"లేదు బావా. వాళ్ల దగ్గరే ఉంది."

తిరుగు ప్రయాణంలో నాన్న పెద్దగా మాట్లాడలేదు. ఇంటికొచ్చిన మూడో రోజు ఆ కారాయన ఫోన్ చేస్తే, "మేమే ఏదో చేసుకుంటాం బాబూ" అని పెట్టేశాడు. అప్పు అలాగే ఉంది. ఏం చేయాలో ఇంకా పూర్తిగా తేలలేదు. అన్నయ్యా, ఊళ్లో ఇంకో ముగ్గురూ కలిసి ఆదివారాలు టీ, బొంగు చికెన్ పెడదామనుకుంటున్నారు.

మీకు చెప్పాలనుకున్నది ఇదే. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలకి 1970లో చేసిన సవరణనే మనం 1/70 అంటాం. చాలామంది అది అమ్మకానికే అనుకుంటారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడికి అమ్మకమే కాదు, లీజు, తాకట్టు, దానం, మార్పిడి ఏదీ చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం ముందుగా భావిస్తుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది వాళ్లే. మనవాళ్ల పేరు మీద బయటివాళ్ల డబ్బుతో నడిపే బినామీ వ్యవహారం కూడా ఆ చట్టం కిందికే వస్తుంది. కాబట్టి ఇంట్లో ఎవరైనా సంతకం పెట్టే ముందు కాగితం ఫొటో తీసి మీకు పంపమనండి. ఇప్పటికే పెట్టేసి ఉంటే భయపడొద్దు, చెల్లని లీజు ఎన్నేళ్లున్నా చెల్లనిదే. మామయ్య తరఫున అర్జీ రాస్తున్నాం. ఇలాంటి కేసులో అర్జీ పెట్టి భూమి వెనక్కి తెచ్చుకున్నవాళ్లు గ్రూపులో ఉంటే దయచేసి ఇక్కడ రాయండి, మాకు దారి చూపించినట్టుంటుంది.

ఇంకో మాట. ఈ సెలవుల్లో వీలైతే మీ అమ్మానాన్నల్ని కూడా ఒకసారి తిప్పండి. పెద్ద ఖర్చేం కాదు, మాకు పెట్రోలూ జీపూ టిక్కెట్లూ తప్ప ఏమీ అవలేదు. మన కొండలు చూడ్డానికి ఎక్కడెక్కడి వాళ్లో వస్తున్నారు, వాటిని కాపాడినవాళ్లు కూడా ఒక పూట కూర్చుని చూడాలి కదా. అమ్మయితే ఇప్పుడు సముద్రం చూస్తానంటోంది. "దాన్ని కూడా ఎవరైనా లీజుకిచ్చేశారేమో, తొందరగా తీసుకెళ్లు" అని ఫోన్ చేసినప్పుడల్లా గుర్తు చేస్తోంది.