పనికిరాని పదిహేడు మంది

బాఖ్ కూడా బడిపంతులే. పాశ్చాత్య సంగీతానికి పెద్దదిక్కుగా చెప్పుకునే ఆయన 1723 నుంచి 1750లో కన్నుమూసేదాకా జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో సెయింట్ థామస్ బడికి సంగీతం మాస్టారు. ఊళ్లో నాలుగు చర్చిల్లో ఆదివారం పాటలు ఆ బడి పిల్లలే పాడాలి. 1730 ఆగస్టులో ఆయన నగర పెద్దలకు ఒక అర్జీ రాశాడు. అందులో తన దగ్గరున్న పిల్లల్ని మూడు భాగాలు చేశాడు. పనికొచ్చేవాళ్లు 17 మంది, ఇంకా తయారుకావలసినవాళ్లు 20 మంది, బొత్తిగా పనికిరానివాళ్లు 17 మంది. సంగీతం తెలియక, మామూలు కీర్తన కూడా కష్టం మీద పాడేవాళ్లని సెయింట్ పీటర్స్ చర్చికి పంపుతున్నట్టు కూడా రాశాడు.

ఆ అర్జీ చదివినప్పటినుంచీ నా మనసు ఆ చివరి పదిహేడు మంది దగ్గరే ఉండిపోయింది. బాఖ్‌ని తప్పుపట్టను. వారం తిరిగేసరికి చర్చిలో వాద్యాలతో కలిపి కాంటాటా అనే పెద్ద పాట పాడించాల్సిన మనిషి, పాడే గొంతుల్ని ఏరుకోక ఏం చేస్తాడు? కానీ ఆ పదిహేడు మందీ మర్నాడు పొద్దున క్లాసుకి వచ్చి కూర్చునే ఉంటారు కదా. వాళ్లు ఏమయ్యారో ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు. నేను పనిచేసేది అలాంటివాళ్లతోనే.

అమెరికాలోని మిస్సోరి రాష్ట్రం, సెయింట్ లూయిస్ శివారులో ఒక లూథరన్ చర్చి నడిపే బడి మాది. కిండర్‌గార్టెన్ నుంచి ఎనిమిదో తరగతి దాకా అందరికీ సంగీతం నేనే చెబుతాను. ఈ చుట్టుపక్కల లూథరన్ బడులకు పునాది వేసినవాళ్లు బాఖ్ పనిచేసిన సాక్సనీ ప్రాంతం నుంచి వచ్చినవాళ్లే. 1838 చివర్లో ఓడలెక్కి వచ్చి, మిసిసిపి నది దగ్గర పెర్రీ కౌంటీలో దిగారు. 1839లో, తమకే సరైన గూడు లేని రోజుల్లో, దుంగలతో బడి కట్టుకున్నారు. ఆ బడి గది ఇప్పటికీ ఆ కౌంటీలోని ఆల్టెన్‌బర్గ్‌లో ఉంది.

నాది పల్నాడు. మా తాతయ్య గురజాల దగ్గర పల్లెలో ఉపదేశి. 1842లో అమెరికా నుంచి గుంటూరు వచ్చిన ఫాదర్ హయ్యర్, ఆ తర్వాత 1849లో గురజాల చేరి బోధించాడు. మా ఇంట్లో లూథరన్ విశ్వాసం అక్కడినుంచి వచ్చింది. హయ్యర్‌ని పంపినవాళ్లు పెన్సిల్వేనియా లూథరన్లు, మిస్సోరి వాళ్లది వేరే శాఖ. అయినా దేవుడే మన దుర్గమని లూథర్ కట్టిన కీర్తన అటూ ఇటూ ఒకే వరసలో పాడతారు. నేను ఈ బడిలో చేరిన కొత్తలో అక్టోబరు చివర రిఫర్మేషన్ ఆరాధనలో ఆర్గన్ మీద ఆ వరస మొదలవగానే నా నోట తెలుగు మాటలే వచ్చాయి.

మా ఊరి గుడిలో తాతయ్య హార్మోనియం ముందు కూర్చునేవాడు. ఒకరు డప్పు, ఇంకొకరు తాళాలు. ముసలీ ముతకా, పిల్లాజెల్లా, చంటిపిల్లని భుజాన వేసుకున్న తల్లీ, అందరూ గొంతెత్తి పాడేవాళ్లు. శ్రుతి కలిసేవాళ్లు కలిసేవాళ్లు, కలవనివాళ్లు కలవనివాళ్లు. నువ్వు పాడకు అని అక్కడ ఎవరూ ఎవరినీ అనగా నేను వినలేదు. పాట గుడిలో ఉన్న మనుషులందరిదీ. నేను తర్వాత చదివిన సంగీతపు చదువులన్నీ ఆ నమ్మకం మీదే నిలబడ్డాయి.

పొద్దున మొదటి క్లాసు కిండర్‌గార్టెన్ వాళ్లది. చిన్నపిల్లలకి రెండు గొంతులుంటాయి. మాట్లాడే బరువైన గొంతు ఒకటి, తలలో మోగే తేలికపాటి గొంతు ఒకటి. పాటకి కావలసింది రెండోది. చాలామందికి అది ఉందనే తెలియదు. అందుకని ముందు గుడ్లగూబలా కూయిస్తాను, ఫైరింజన్ సైరన్‌లా కిందనుంచి పైకి, పైనుంచి కిందకి గొంతు జారిస్తాను. ఆ ఆటలో ఒక్కసారి తేలిక గొంతు దొరికితే చాలు. శ్రుతి తెలియదని ముద్ర పడ్డ పిల్లల్లో ఎక్కువమందికి చెవి బాగానే ఉంటుంది. గొంతుకే దారి తెలియదు.

ఈ వయసు పిల్లల గొంతు హాయిగా పలికేది మధ్య సి మీది డి నుంచి, ఆ పై డి దాకా. ఇప్పుడు రేడియోలో వచ్చే ఆరాధన పాటలు చాలావరకు పెద్దవాళ్ల గొంతుకి కట్టినవి. చరణం కిందెక్కడో గొణుగుతున్నట్టు మొదలై, పల్లవి దగ్గర ఒక్కసారిగా ఎనిమిది స్వరాల పైకి ఎగురుతుంది. పిల్లలు కింద అరుస్తారు, పైన ఆగిపోతారు. ఆ పాటలు వద్దని నేను అనను. శ్రుతి మార్చి, వాళ్లకి అందే చోట పెట్టి పాడిస్తాను. రికార్డు చేసిన వాద్యాల ట్రాక్ పెట్టి దాని వెనక పిల్లల్ని పరుగెత్తించడం మాత్రం నాకు గిట్టదు. పియానో దగ్గర నేనుంటే వాళ్ల ఊపిరి కోసం ఆగగలను. ట్రాక్ ఆగదు.

కిందటేడు ఒక తెలుగు తండ్రి వచ్చారు. అబ్బాయి ఐదో తరగతి. "మావాడికి పాట రాదు మేడం. ప్రోగ్రాంలో వెనకవరసలో నించోబెట్టండి, పెదాలు ఆడిస్తాడు" అన్నారు. మర్యాదగానే అన్నారు, కొడుకు నలుగురిలో నవ్వులపాలు కాకూడదనే బాధతో అన్నారు. అబ్బాయి పక్కనే నిలబడి నేలచూపులు చూస్తున్నాడు. "పెదాలు ఆడించే పిల్లాడు నా క్లాసులో వద్దండీ. పాడేవాడే కావాలి. నాకు కొంచెం వ్యవధి ఇవ్వండి" అన్నాను.

ఇలాంటి పిల్లల్ని నా స్వరం పట్టుకోమని అడగను. వాడు ఏదో ఒక స్వరం పలుకుతాడు, దాన్ని నేను పట్టుకుంటాను. వాడిది కింది ఎ అయితే నేనూ అక్కడే పాడతాను. రెండు గొంతులు కలిసినప్పుడు ఎలా ఉంటుందో వాడు జీవితంలో మొదటిసారి వింటాడు. మొహంలో తెలిసిపోతుంది. అక్కడినుంచి ఒక్కో మెట్టూ పైకి. భోజనాల విరామంలో కాసేపు, ఎవరూ లేనప్పుడు. ఆ అబ్బాయి ఈస్టర్ నాటికి అయిదు స్వరాల మధ్య నిలకడగా తిరగగలిగాడు. మంచి గాయకుడు అయ్యాడని అనను. ఆరాధనలో నోరు తెరిచి పాడుతున్నాడు. నాకు కావలసింది అదే.

ఈ పనిలో చేతి గుర్తులు చాలా సాయం. డో అంటే పిడికిలి, మి అంటే చదునుగా పట్టిన అరచెయ్యి, అలా ఒక్కో స్వరానికి ఒక్కో గుర్తు, గొంతు పైకెళితే చెయ్యీ పైకి. ఇవాళ ప్రపంచమంతా వీటిని హంగరీ స్వరకర్త కొడాయ్ పద్ధతిగా చెప్పుకుంటారు గానీ, ఆయన తీసుకున్నది ఇంగ్లండ్ పాస్టరు జాన్ కర్వెన్ దగ్గర. 1841లో హల్ పట్టణంలో కలిసిన సండేస్కూల్ టీచర్లు, పిల్లలకి తేలిగ్గా పాట నేర్పే దారి వెతకమని కర్వెన్‌ని అడిగారు. ఆయన నారిచ్‌లో సేరా గ్లోవర్ అనే ఉపాధ్యాయిని అప్పటికే నడుపుతున్న పద్ధతిని తీసుకుని విస్తరించాడు. పియానో కొనలేని, స్వరలిపి చదవలేని బీద పిల్లలందరూ పాడాలన్నదే ఆ ప్రయత్నం. ఇందులో డో ఎక్కడ పెట్టుకుంటే అక్కడే, మన షడ్జమంలాగే. సరళీ స్వరాలు నేర్చుకుని పెరిగిన నాకు ఇది పరాయిగా అనిపించలేదు.

మూడో తరగతికి జైలోఫోన్లు. చెక్క పలకలు ఊడదీసి మళ్లీ పెట్టుకునే వీలున్న ఈ చిన్న వాద్యాలు జర్మన్ స్వరకర్త కార్ల్ ఓర్ఫ్ పద్ధతిలో వచ్చినవి. పిల్లలకి ఇచ్చేముందు ఎఫ్, బి పలకలు తీసేస్తాం. మిగిలిన అయిదు స్వరాల్లో ఏది వాయించినా ఒకదానితో ఒకటి కొట్టుకోదు, కాబట్టి ఏ పిల్లా తప్పు వాయించినట్టు వినబడదు. ఆ మిగిలిన పలకలు చూడండి. సి, డి, ఇ, జి, ఎ. సి ని షడ్జమం చేసుకుంటే మోహన రాగం. డి నుంచి మొదలుపెడితే మధ్యమావతి, ఇ నుంచి హిందోళం, జి నుంచి శుద్ధసావేరి, ఎ నుంచి శుద్ధధన్యాసి. షడ్జమం మారిస్తే రాగం మారే మన గ్రహభేదమంతా ఆ చిన్న చెక్కపెట్టెలో ఉంది. అమెరికా పిల్లలకి ఈ పేర్లు చెబుతాను. హిందోళం అనే మాట వాళ్లకి ఎంతో ఇష్టం, నడవాలో కూడా అనుకుంటూ పోతారు.

అమేజింగ్ గ్రేస్ పాట కూడా ఈ అయిదు స్వరాల్లోనే నడుస్తుంది. మాటలు జాన్ న్యూటన్‌వి, అచ్చయింది 1779లో. ఒకప్పుడు బానిసల్ని మోసుకెళ్లే ఓడకి కెప్టెన్‌గా ఉన్న మనిషి రాసిన పాట అది, ఆ సంగతి పిల్లలకి దాచకుండా చెబుతాను. ఇప్పుడు అందరూ పాడే వరస దానికి కలిసింది 1835లో, అమెరికాలో. గ్రాండ్‌పేరెంట్స్ డే రోజున మూడో తరగతి పిల్లలు దీన్ని జైలోఫోన్ల మీద వాయించారు. అయిపోయాక, ఆరునెలలు కూతురి దగ్గర ఉందామని విజయవాడ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నా దగ్గరికొచ్చి, "ఇది మోహనం కదమ్మా?" అన్నారు. "అవునండీ, మోహనమే" అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు. చిన్నప్పుడు వీణ నేర్చుకున్నారట, పెళ్లయ్యాక వదిలేశారట. మనవరాలు జైలోఫోన్ దగ్గరికి లాక్కెళితే ఆవిడ అక్కడే స్టూలు మీద కూర్చుని వర వీణ గీతం మొదలుపెట్టారు. పిల్లలు చుట్టూ మూగారు.

ఆవిడ కుటుంబం హిందువులు. మా బడిలో అలాంటి తెలుగు పిల్లలు కొందరున్నారు. "చాపెల్ పాటలు మావాళ్లూ పాడాలా?" అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. బుధవారం చాపెల్, అంటే బడిలో జరిగే ఆరాధన, అందరికీ ఉంటుందని చేర్చుకునేటప్పుడే బడి చెబుతుంది. నేను ఇంకొంచెం చెబుతాను. ప్రతి పాట అర్థమూ ముందే ఇంటికి పంపుతాను. పిల్లవాడు ఏం పాడుతున్నాడో ఇంట్లోవాళ్లకి తెలియాలి. నా విశ్వాసం నాకు ప్రాణం. అందుకే దాన్ని చాటుమాటుగా నేర్పడం నాకు ఇష్టం లేదు.

చాపెల్‌లో ఇప్పుడు తెర మీద మాటలే వేస్తారు. పాటల పుస్తకం చేతిలో ఉన్నప్పుడు స్వరం పైకెక్కడం, దిగడం పిల్లల కంటికి కనబడేది. తెర మీద అది ఉండదు. ఐదో తరగతి నుంచి పైవాళ్లకి పుస్తకాలు మళ్లీ చేతికిచ్చాను. బరువని కొందరు సణిగారు. నెల తిరిగేసరికి వేలుపెట్టి చుక్కలు వెతుక్కోవడం మొదలెట్టారు.

ఆరో తరగతి నుంచి చేతిగంటలు. ఒక్కొక్కరికీ రెండే గంటలు, అంటే రెండే స్వరాలు. ఒక్కరు రాకపోతే పాటలో ఆ స్వరం ఉండదు, ఇంకెవరి నైపుణ్యమూ దాన్ని పూడ్చలేదు. క్లాసులో ఎప్పుడూ వెనక కూర్చునే పిల్లకి కావాలనే అందరికంటే ఎక్కువసార్లు మోగే గంటలు ఇస్తాను. జ్వరం వచ్చి రెండురోజులు రాకపోతే, తిరిగొచ్చినప్పుడు మిగతా పిల్లలు ఎంత సంతోషంగా పిలుస్తారో చూడాలి.

ఏడు, ఎనిమిది తరగతుల మగపిల్లల కష్టం వేరు. గొంతు మారే వయసు. నిన్న పలికిన స్వరం ఇవాళ పలకదు, మాట మధ్యలో గొంతు చీలుతుంది. చాలామంది పాట శాశ్వతంగా వదిలేసేది ఇక్కడే. ఈ రెండేళ్లు వాళ్లని పాటలో నిలబెట్టుకుంటే జన్మంతా పాడతారని నా నమ్మకం. అందుకని ప్రతి పాటకీ, నాలుగైదు స్వరాల్లోనే తిరిగే ఒక వరస వాళ్ల కోసం విడిగా రాస్తాను. వాళ్ల గొంతు ఆ వారం ఎక్కడుందో చూసి రాస్తాను, మళ్లీ మారితే మళ్లీ రాస్తాను. వాళ్లు దేన్నీ గట్టిగా అడగరు. గొంతు సరిగా లేనివాడు సంగీతం గది గుమ్మం దగ్గర కాస్త ఆగి వస్తాడు, అంతే.

ఈ ఏడు క్రిస్మస్ ఆరాధనకి తెలుగు క్రైస్తవ కవి పురుషోత్తమ చౌదరి గారి కీర్తన ఒకటి పెడుతున్నాం. 1803లో పుట్టి 1890 దాకా బతికిన ఆయన కీర్తనలు మా తాతయ్యకి కంఠతా. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో చాలా పాటల పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. మా పాస్టరు గారికి అది చూపిస్తే చాలాసేపు పేజీలు తిప్పారు. పిల్లలకి తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసిచ్చాను, అర్థం పక్కనే. ళ దగ్గర, ఠ దగ్గర నాలుక తిరగడం లేదు, తిరిగేదాకా పలికిస్తున్నాను. ఆది తాళం మాత్రం వెంటనే వచ్చేసింది. చిటికెన వేలు నుంచి లెక్కపెట్టడం అందరికీ నచ్చింది. గంటల వాళ్లు జి, డి మార్చి మార్చి మోగిస్తూ శ్రుతి నిలబెడతారు. గంట మోత త్వరగా తగ్గిపోతుంది కాబట్టి అది ఒక్కటే చాలడం లేదు. దాని కింద ఆధార షడ్జమం పట్టి ఉంచే పని గొంతు మారుతున్న కుర్రాళ్లకి అప్పగించాను. ఒకే స్వరం, పాట మొదలు నుంచి చివరిదాకా, ఒకడు ఊపిరి పీలిస్తే ఇంకొకడు అందుకుంటూ. రెండో చరణం దగ్గర ఇంకా కాస్త కిందకి జారుతున్నారు. గురువారం వాళ్లని విడిగా కూర్చోబెడుతున్నాను.